అకారాది: జ్ఞాపకం వేసిన దారిలో చూపు

నిఘంటువులో ఒక మాట వెతకడం చదువుకున్నవారికి ఊపిరి తీసుకున్నంత సహజంగా జరిగిపోతుంది. ‘నివ్వెర’ అన్న మాట కావాలనుకుందాం. మొదటి పుట నుంచి ఒక్కొక్కటే తిప్పుకుంటూ ఎవరూ రారు. సగం దాటిన చోట ఎక్కడో వేలుపెట్టి తెరుస్తాం. అక్కడ ‘త’ కనిపిస్తే ముందుకు, ‘ప’ కనిపిస్తే వెనక్కు కదులుతాం. ‘న’ దగ్గరికి చేరాక ‘నా’ కనబడితే ఇంకొంచెం ముందుకు, ‘ను’ కనబడితే కాస్త వెనక్కు. ఈ దారిలో వందల మాటలు కంటపడతాయి. వాటిలో ఒక్కదాన్నీ మనం చదవం. చదవకుండానే ‘ఇది కాదు, ఇది కాదు’ అని దాటిపోతాం. మాట దొరికిన తరువాత, దాటివచ్చిన వాటిలో ఒక్కటి చెప్పమంటే చెప్పలేం.

ఇంత మామూలుగా కనిపించే ఈ పనికి సుమారు రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది. జూడిత్ ఫ్లాండర్స్ 2020లో వెలువరించిన ‘ఎ ప్లేస్ ఫర్ ఎవ్రీథింగ్’ అక్షరక్రమం కథను చెబుతుంది. డెన్నిస్ డంకన్ 2021లో ప్రచురించిన ‘ఇండెక్స్, ఎ హిస్టరీ ఆఫ్ ది’ పుస్తకాల చివర ఉండే సూచికల కథను చెబుతుంది. రెండూ ప్రధానంగా యూరప్‌ను ఆధారం చేసుకున్నవి. వాటిని చదివాక మన వైపు కథను కూడా పక్కన పెట్టి చూడాలనిపించింది. అలా చూసినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. వరుస పెట్టిన జాబితా మనిషికి జ్ఞాపకం బరువును తగ్గించిందని సాధారణంగా అనుకుంటాం. బరువు తగ్గిన మాట నిజమే గానీ, పూర్తిగా దిగిపోలేదు. గ్రంథమంతా గుర్తుంచుకోవలసిన అవసరం తప్పింది. వరుసను గుర్తుంచుకోవలసిన అవసరం మిగిలింది. ఆ చిన్న జ్ఞాపకం లేనివాడికి ఎంత గొప్ప నిఘంటువైనా దారిలేని అడవే.

ముందు అక్షరాల వరుస గురించి. నేటి సిరియా సముద్రతీరంలోని ఉగారిత్ నగర శిథిలాలలో మూడువేల ఏళ్లకు పూర్వపు మట్టిపలకలు దొరికాయి. వాటిలో కొన్నింటి మీద అక్షరమాల వరుసగా చెక్కి ఉంది. ఆ వరుసకూ, తరువాత ఫినీషియన్ల ద్వారా గ్రీకులకూ, వారి నుంచి రోమన్లకూ చేరి నేటి ఇంగ్లీషు వరకు వచ్చిన వరుసకూ దగ్గరి చుట్టరికం కనిపిస్తుంది. అందులో ‘ఎ’ తరువాత ‘బి’ ఎందుకు రావాలో చెప్పే తర్కం ఏదీ లేదు. అది కేవలం అలవాటు. తరతరాలుగా పిల్లలు అదే వరుసలో వల్లించారు కనుక నిలిచింది.

మన వర్ణమాల అలాంటిది కాదు. ‘క’ కంఠంలో పుడుతుంది, ‘చ’ తాలువులో, ‘ట’ మూర్ధంలో, ‘త’ దంతాల దగ్గర, ‘ప’ పెదవుల మీద. గొంతు లోపలి నుంచి పెదవుల దాకా ధ్వని నడిచివచ్చే దారినే వరుసగా పేర్చారు. ప్రతి వర్గంలోనూ శ్వాసం, నాదం, అల్పప్రాణం, మహాప్రాణం, అనునాసికం అన్న క్రమం మళ్లీ ఉంది. నిలువుగా చూసినా అడ్డంగా చూసినా అర్థమయ్యే పట్టిక అది. ఇక పాణిని తన వ్యాకరణ ప్రయోజనం కోసం అవే వర్ణాలను పద్నాలుగు సూత్రాలలో మరో వరుసలో అమర్చుకున్నాడు. వరుస అనేది ఒక పనిముట్టు అనీ, పనిని బట్టి దాన్ని మార్చుకోవచ్చుననీ మనవాళ్లకు అంత ప్రాచీనకాలంలోనే తెలుసు.

అయితే ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. ఇంత హేతుబద్ధమైన వరుసను చేతిలో పెట్టుకొని, మాటలను వెతకడానికి దాన్ని శతాబ్దాల పాటు మనం పెద్దగా వాడుకోలేదు. తర్కమే లేని వరుస గలవారు దాన్నే వెతుకులాటకు వాడుకున్నారు. ఎందుకు?

గ్రీకుల సంగతి చూద్దాం. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో పోగుపడిన గ్రంథాలకు కాలిమాకస్ అనే కవిపండితుడు ఒక పట్టిక తయారుచేశాడు. అదే 120 చుట్టలకు వచ్చిందంటారు. విషయాన్ని బట్టి విభజించి, ఒక్కో విభాగంలో రచయితల పేర్లను అక్షరక్రమంలో పెట్టాడని పండితుల అభిప్రాయం. అన్ని చుట్టలనూ గుర్తుంచుకోవడం ఒక మనిషికి సాధ్యం కాని స్థాయికి గ్రంథాలయం చేరుకుంది. అక్షరక్రమం అవసరమైంది అప్పుడే.

కానీ అందరూ దాన్ని మెచ్చలేదు. ఈ విషయంలో మొదటి బలమైన అభ్యంతరం ఒక వైద్యుడి నుంచి వచ్చిందన్నది నాకు ఎంతో ఆసక్తి కలిగించిన విషయం. క్రీ.శ. మొదటి శతాబ్దంలో డయాస్కోరిడిస్ ఔషధద్రవ్యాల మీద ఐదు భాగాల గ్రంథం రాశాడు. దాని పీఠికలో, మందులను అక్షరక్రమంలో పెట్టినవారిని తప్పుపట్టాడు. అలా పెడితే ఒకే గుణం గల మూలికలు ఒకదానికొకటి దూరమైపోతాయనీ, వాటిని కలిపి గుర్తుంచుకోవడం కష్టమవుతుందనీ అతని వాదం. తాను మాత్రం గుణాలను బట్టి వాటిని అమర్చాడు. పక్కపక్కన ఉన్నవి పోలిక గలవై ఉండాలి, ఒకటి చదువుతుంటే రెండవది గుర్తుకు రావాలి అన్నది అతని పద్ధతి. ఆ గ్రంథం చదివి నేర్చుకోవడానికి రాసినది. తెరిచి వెతకడానికి రాసినది కాదు.

ఒక వంద ఏళ్ల తరువాత మరో మహావైద్యుడు గేలెన్ వచ్చాడు. హిపోక్రటీస్ రచనల్లోని కఠినపదాలకు అర్థాలు రాసినప్పుడు అతడు అక్షరక్రమాన్నే ఎంచుకున్నాడు. మూలికల గురించి రాసిన పెద్ద గ్రంథంలో కూడా వాటిని అదే క్రమంలో పెట్టాడు. చివరికి కాలం గేలెన్ పక్షమే వహించింది. క్రీ.శ. 512 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో అనీసియా జూలియానా అనే రాజకుటుంబపు మహిళ కోసం డయాస్కోరిడిస్ గ్రంథానికి ఒక అద్భుతమైన సచిత్ర ప్రతి తయారైంది. 380కి పైగా మొక్కల బొమ్మలున్న ఆ ప్రతి ఇప్పుడు వియన్నాలో ఉంది. అందులో మొక్కలన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. ఏ పద్ధతిని అతడు పీఠికలో నిరసించాడో ఆ పద్ధతిలోనే అతని పుస్తకాన్ని తిరగరాశారు. రోగి ఎదురుగా ఉన్నప్పుడు మందు పేరు చప్పున దొరకాలి. ఆ అవసరం ముందు గ్రంథకర్త తర్కం నిలవలేదు.

ఇప్పుడు మన వైపు వద్దాం. వీధిబడి రోజుల నుంచి తెలుగునాట పిల్లలు కంఠతా పట్టిన నిఘంటువు అమరకోశం. అమరసింహుడు దాన్ని మూడు కాండలుగా, వర్గాలుగా, సుమారు 1,500 శ్లోకాలలో కూర్చాడు. స్వర్గవర్గంలో దేవతలు, వనౌషధివర్గంలో చెట్లూ మూలికలూ, మనుష్యవర్గంలో శరీరాంగాలూ రోగాల పేర్లూ ఉంటాయి. అంటే డయాస్కోరిడిస్ కోరిన అమరికే అది. పోలినవన్నీ ఒకచోట. ‘కృశానువు’ అంటే ఏమిటో తెలియనివాడు అచ్చుపుస్తకం తెరిచి వెతకబోతే ఎక్కడ మొదలుపెట్టాలి? అర్థం తెలిస్తే గాని అది ఏ వర్గంలో ఉందో తెలియదు. వర్గం తెలిస్తే గాని అర్థం దొరకదు. కానీ అమరం నోటికి వచ్చినవాడికి ఈ సమస్యే లేదు. ఆ మాట వినపడగానే, దానికి ముందూ వెనుకా ఉన్న అగ్నిపర్యాయాలన్నీ ఛందస్సు నడకతో పాటు నాలుకమీదికి వస్తాయి. అతడు పుస్తకంలో వెతకడు. తనలో తాను వినుకుంటాడు.

ఈ తేడాను బయటపెట్టే చిన్న వివరం అమరకోశంలోనే ఉంది. మూడవ కాండలోని నానార్థవర్గంలో, అనేకార్థాలు గల మాటలకు అమరసింహుడు అక్షరక్రమాన్ని వాడాడు. అయితే మాట మొదటి అక్షరాన్ని పట్టుకోలేదు. చివరి హల్లును పట్టుకున్నాడు. కకారాంతాలు ముందు, ఖకారాంతాలు తరువాత, అలా. మాట చివర చెవిలో మిగిలే ధ్వనిని బట్టి చేసిన అమరిక అది. పుట అంచున ముందుగా తగిలే అక్షరాన్ని పట్టుకొని పోయే కంటికి ఇది తలకిందులు వ్యవహారం. వల్లించే నోటికీ వినే చెవికీ మాత్రం అనుకూలమైనదే. క్రమం మనకు లేక కాదు, ఆ క్రమం కంటి కోసం ఏర్పడలేదు.

వేదానికి చేసిన అనుక్రమణికలు కూడా ఇలాంటివే. కాత్యాయనుడి సర్వానుక్రమణి ఋగ్వేదంలోని 1,028 సూక్తాలకూ తొలిపదం, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెబుతుంది. ఈనాటి దృష్టితో అది సూచిక. అయితే దాన్ని కూడా సంహిత ఉన్న వరుసలోనే కూర్చారు, కంఠస్థం చేశారు. పోయినదాన్ని వెతికి పట్టుకోవడానికి కాక, ఏదీ పోకుండా కాపలా కాయడానికి పుట్టిన సూచిక అది. క్రమపాఠం, జటాపాఠం, ఘనపాఠం అంటూ పదాలను ముందుకూ వెనక్కూ మడతపెట్టి వల్లించడం కూడా అదే కాపలాలో భాగం. అదే వాఙ్మయానికి 1906లో అమెరికాలో మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ వెయ్యికి పైగా పుటల అకారాది సూచిక ప్రచురించాడు. వేదమంత్రంలో ఏ పాదమైనా ఎక్కడెక్కడ ఉందో అందులో చూసుకోవచ్చు. మొదటి సూచిక అధ్యేత కోసం, రెండవది పరిశోధకుడి కోసం. రెండింటి మధ్య జరిగినదల్లా చదువరి మారడమే.

యూరప్‌లో ఈ మార్పు పదమూడవ శతాబ్దంలో ఊపందుకుంది. పారిస్‌లోని సెయింట్ జాక్ మఠంలో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ నాయకత్వాన డొమినికన్ సన్యాసులు బైబిలు మొత్తానికి పదసూచిక తయారుచేశారు. ప్రతి అధ్యాయాన్నీ ఊహలో ఏడు భాగాలు చేసి, ఒక్కోదానికి ‘ఎ’ నుంచి ‘జి’ వరకు అక్షరం ఇచ్చారు. ప్రసంగాలు చేస్తూ ఊరూరా తిరిగే బోధకులు వారు. మఠంలో కూర్చుని జీవితకాలమంతా నెమరువేసే చదువుకు వారికి తీరిక లేదు. రేపటి ప్రసంగానికి కావలసిన వాక్యం ఈ రాత్రే దొరకాలి. వియన్నా ప్రతిలో మూలికల వరుసను మార్చిన తొందర లాంటిదే ఇది.

ఇంకో ఆశ్చర్యం ఏమిటంటే, ఈ పద్ధతిని వాడేవారికి దాన్ని విడమరచి నేర్పవలసి వచ్చింది. 1286లో జెనోవాకు చెందిన జొవాన్ని బాల్బి తన ‘కథోలికాన్’ నిఘంటువు పీఠికలో మొదటి అక్షరం ఒకటే అయితే రెండవదాన్ని, అదీ ఒకటే అయితే మూడవదాన్ని చూడాలని ఉదాహరణలు ఇచ్చి మరీ వివరించాడు. ఈ అమరిక వెనుక తన శ్రమ ఎంతో ఉందని కూడా చెప్పుకున్నాడు. మూడు వందల ఏళ్ల తరువాత, 1604లో రాబర్ట్ కాడ్రీ ఇంగ్లీషులో తొలి ఏకభాషా నిఘంటువుగా పేరుపొందిన సుమారు 2,500 మాటల పుస్తకం తెచ్చినప్పుడు కూడా అదే పరిస్థితి. తొలి అక్షరాలతో మొదలయ్యే మాటలు పుస్తకం మొదట్లో, మలి అక్షరాలవి చివర్లో ఉంటాయని పాఠకుడికి చెప్పవలసి వచ్చింది. ఆ పీఠికలో అతడు పెట్టిన షరతు ఒకటుంది. ముందుగా అక్షరమాల వరుసను పుస్తకం చూడనక్కర లేకుండా నేర్చుకోవాలి. ఏ అక్షరం ఎక్కడ ఉందో నోటికి రావాలి. జ్ఞాపకం బరువును తగ్గించే పుస్తకపు మొదటి షరతు కంఠస్థం చేయమనడం!

దక్షిణభారతంలో ఈ మలుపు మొదట తమిళంలో కనిపిస్తుంది. 1594లో రేవణసిద్ధర్ రాసిన ‘అకరాది నిఘంటు’ మాటలను తొలి అక్షరాన్ని బట్టి అమర్చింది. 1732లో ఇటలీ నుంచి వచ్చిన బెస్కి, తమిళులు వీరమామునివర్ అని పిలుచుకునే పాద్రీ, ‘చతురకరాది’ కూర్చాడు. క్రమేణా తమిళంలో నిఘంటువుకు ‘అకరాది’ అన్నదే పేరైపోయింది. వరుస పేరే వస్తువు పేరయింది. తెలుగులో మనం ‘నిఘంటువు’ అన్న వైదికమైన పాతపేరునే ఉంచుకొని, ‘అకారాది’ని విశేషణంగా వాడుకున్నాం.

తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, అడిదము సూరకవి ఆంధ్రనామశేషం వంటి పద్యనిఘంటువులు అమరం దారిలో నడిచినవే. వాటికి భిన్నంగా పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య తెలుగు మాటలను అకారాది క్రమంలో పెట్టి ‘ఆంధ్రదీపిక’ కూర్చాడు. మద్రాసులో కంపెనీ ఉద్యోగులకు తెలుగు నేర్పుతున్న కాలం అది. 1821లో వెలువడిన ఎ.డి. క్యాంబెల్ నిఘంటువుకు ఆంధ్రదీపికే పునాది. తరువాత 1852లో బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, పిఠాపురం మహారాజా పోషణతో 1936లో తొలి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు అదే దారిని రాజమార్గం చేశాయి. పైనుంచి దిగిన దొరలకు అమరం నోటికి రాదు. వారికి కంటి దారి కావాలి. కొద్దికాలంలోనే, అచ్చుపుస్తకాలతో పెరిగిన తెలుగువారికి కూడా అదే దారి కావలసివచ్చింది. దీన్ని పతనమని గానీ పురోగతి అని గానీ ఒక్క మాటలో తేల్చలేం. గ్రంథం తన జ్ఞాపకంలో లేని పాఠకుడు పుట్టాడు. అతనికి తగిన పుస్తకం పుట్టింది.

ఇంతకూ ఆ పాఠకుడి కంట్లో ఏం జరుగుతుంది? కంటి తెరమీద వివరంగా చూడగలిగిన చోటు ఫోవియా అనే చిన్న గుంట ఒక్కటే. చేయి చాచి పట్టుకుంటే బొటనవేలి గోరు ఎంత కనిపిస్తుందో సుమారు అంత మేరనే అది స్పష్టంగా చూస్తుంది. మిగిలినదంతా మసక. అందుకే కన్ను క్షణానికి మూడు నాలుగు సార్లు దుముకుతుంది. చదివేటప్పుడు చూపు పంక్తి మీద నున్నగా జారదనీ, గెంతుతూ ఆగుతూ పోతుందనీ 1870ల చివర పారిస్‌లో నేత్రవైద్యుడు ఎమీల్ జవాల్ బృందం గమనించింది. అంతకు ముందే జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ చీకటిపెట్టెలో అక్షరాల కాగితాన్ని విద్యుత్ మెరుపులో క్షణమాత్రం చూసి, చూపును కదపకుండానే ధ్యాసను తాను ఎంచుకున్న మూలకు మళ్లించవచ్చునని గ్రహించాడు. చూపు వేరు, ధ్యాస వేరు అన్నమాట. చూపును ఎక్కడికి దూకించాలో ముందుగా చెప్పేది ధ్యాస. ధ్యాసకు చెప్పేది జ్ఞాపకం.

1960లలో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఉల్రిక్ నైసర్ దీన్ని జాబితాల మీదనే పరీక్షించాడు. యాభై పంక్తుల అక్షరాల వరుసలో ఒక అక్షరం ఎక్కడ ఉందో పట్టుకోమనేవాడు. అలవాటైనవారు క్షణానికి పది పంక్తుల దాకా దాటిపోయేవారు. దాటిన అక్షరాలు ఏవని అడిగితే చెప్పలేరు. కొన్ని వారాల సాధన తరువాత పది గుర్తులను ఒకేసారి వెతకడం కూడా ఒక్కదాన్ని వెతికినంత వేగంగా సాగింది. ఒక అక్షరం లేని పంక్తిని పట్టుకోమంటే మాత్రం చాలా ఆలస్యమయ్యేది. ఉన్నదాన్ని చూడటం కన్నా లేనిదాన్ని చూడటం కంటికి కష్టం. గుండ్రని అక్షరాల నడుమ కోణాలున్న అక్షరం చటుక్కున దొరికేది. తనలాంటి కోణాల అక్షరాల మధ్య దాగిపోయేది. ఈ చివరి మాట దగ్గర నాకు మన లిపి గుర్తుకొచ్చింది. ప, ఫ, ష, వ, మ ఒకే తల్లి పిల్లల్లా ఉండే లిపిలో రూపం చేసే సాయం తక్కువ. కాబట్టి వరుస జ్ఞాపకం మీద ఆధారపడటం మనకు మరింత అవసరం.

ఆ వరుస జ్ఞాపకం కూడా ఒకే పొడవాటి తాడులా ఉండదు. ఇంగ్లీషు అక్షరమాలలో ఒక అక్షరం తరువాత ఏది వస్తుందో చెప్పడానికి పట్టే కాలాన్ని డేవిడ్ క్లార్, ఆయన సహచరులు 1983లో కొలిచారు. అక్షరమాల పాటలో గుక్క తిప్పుకునే చోట్లే జ్ఞాపకానికీ గడపలని తేలింది. అడిగిన అక్షరం ఉన్న ముక్క మొదటికి వెళ్లి, అక్కడి నుంచి లోలోపల పాడుకుంటూ వస్తాం. 1835లో బోస్టన్‌లో అచ్చయిన ఒక పిల్లల పాట ఈనాటికీ పెద్దల వెతుకులాటను నడిపిస్తోందన్నమాట. మనకు ఆ గడపలను పాట కాక వ్యాకరణమే ఇచ్చింది. ‘ధ’ తరువాత ఏది అంటే ‘తథదధన’ అని మొదలుపెడతాం. కచటతపలు ఐదు గదులు. ‘య’ నుంచి ‘హ’ వరకు ఒక వసారా. ఆ తరువాత వచ్చే ళ, క్ష, ఱల దగ్గరే చాలామంది తడబడతారు, ఎందుకంటే అవి ఏ గదిలోనూ లేవు.

నేను పనిచేసే ఆసుపత్రి ప్రపంచంలో ఈ శాస్త్రం కాలక్షేపం కాదు. ఛాతీ ఎక్స్‌రే చూడటం కూడా వెతుకులాటే. 1975లో హెరాల్డ్ కుండెల్, కాల్విన్ నోడైన్ అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులకు ఎక్స్‌రేలను క్షణంలో ఐదో వంతు మాత్రమే చూపించినా 70 శాతం దోషాలను పట్టుకున్నారు. జ్ఞాపకంలో ఉన్న వేల ఎక్స్‌రేల బలం అది. ఆ బలానికే ఇంకో ముఖం కూడా ఉంది. వదిలేసిన కణుతుల విషయంలో కళ్ల కదలికలను కొలిస్తే, వాటిలో సుమారు 70 శాతం మీద చూపు పడినట్లే 1978లో తేలింది. చూశారు; గుర్తించలేదు, లేదా గుర్తించి కొట్టివేశారు. 2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో, కణుతికి 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను దూర్చింది. 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మంది దాన్ని గమనించలేదు. వారిలో ఎక్కువమంది చూపు సరిగ్గా దాని మీద నిలిచింది కూడా. వెతకమన్నది కణుతిని, గొరిల్లా ఏ గదిలోనూ లేదు.

అరుదైనది మరింత తప్పించుకుంటుంది. 2005లో జెరెమీ వుల్ఫ్ బృందం చేసిన ప్రయోగంలో, వెతికే వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు 7 శాతం సార్లు తప్పిపోయింది. నూటికి ఒక్కదాంట్లో మాత్రమే ఉన్నప్పుడు 30 శాతం సార్లు తప్పిపోయింది. ‘ఉండదులే’ అన్న జ్ఞాపకం కన్నును ముందే వెనక్కి పిలిచేస్తుంది.

దీనికి వైద్యరంగం కనుక్కున్న విరుగుడు పాతదే. వరుస. గాయపడిన మనిషి వచ్చినప్పుడు ముందు శ్వాసమార్గం, తరువాత శ్వాస, ఆ తరువాత రక్తప్రసరణ అని ఇంగ్లీషు ఎ-బి-సి అక్షరాల క్రమంలో చూడటం నేర్పుతారు. 1976లో నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే శస్త్రవైద్యుడి విమానం కూలింది. భార్యను కోల్పోయి, గాయపడిన పిల్లలతో ఒక చిన్న ఆసుపత్రికి చేరిన ఆయనకు అక్కడ అందిన చికిత్స తీరు తీవ్రమైన ఆలోచన కలిగించింది. దాని ఫలితంగా 1978లో మొదలైన శిక్షణ ఈనాడు ప్రపంచమంతటా ఉంది. గుండె ఆగినవారి విషయంలో మాత్రం 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ వరుసను మార్చి, రక్తప్రసరణను ముందుకు తెచ్చింది. ఒక్క అక్షరాన్ని స్థానం మార్చడానికి లక్షలాది మందికి మళ్లీ శిక్షణ ఇవ్వవలసి వచ్చింది. కంఠస్థమైన వరుస చేతుల్లోకి ఎంతగా ఇంకిపోతుందో చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఎవరి కన్ను అయినా అలసిపోతుంది, ఒక దోషం దొరకగానే తృప్తిపడి ఆగిపోతుంది. వరుస మాత్రం ‘తరువాత?’ అని అడుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు మనం మూడవ మలుపులో ఉన్నాం. గ్రంథమంతా గుర్తుంచుకున్న కాలం పోయింది. వరుసను గుర్తుంచుకున్న కాలం కూడా పోతోంది. తెరమీద గడిలో మాట టైపు చేస్తే అర్థం ఎదుట నిలుస్తుంది. దాని మేలు నేను రోజూ పొందుతున్నాను. అయితే ఆ గడి అడిగినదే ఇస్తుంది. రోగి పత్రాల్లో ఒక మందు పేరుతో వెతికితే ఆ పేరు ఉన్న చోట్లే వస్తాయి. మరో పేరుతో రాసి ఉన్న అదే మందు రాదు. పుటలను వరుసగా తిప్పేవాడికి అడగనిది కూడా కంటపడుతుంది. ‘నివ్వెర’ కోసం వెళ్లినవాడికి దారిలో ‘నివురు’ ఎదురవుతుంది. డయాస్కోరిడిస్ బాధపడింది సరిగ్గా ఈ ఇరుగుపొరుగు గురించే. అతను కోరినది గుణాల పొరుగు. అక్షరక్రమం దాన్ని తీసివేసి అక్షరాల పొరుగునైనా మిగిల్చింది. గడిలో ఏ పొరుగూ లేదు.

విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లల విషయంలో ఇది మరీ నిజం. వారాంతపు తరగతుల్లో వారు తెలుగు అక్షరాలు చక్కగా గుర్తుపడుతున్నారు, కూడబలుక్కుని చదువుతున్నారు. కానీ చాలామందికి వరుస నోటికి రాదు. కాడ్రీ పెట్టిన షరతు వారు నెరవేర్చలేదు. ఇంట్లో శబ్దరత్నాకరం ఉన్నా అది వారికి తాళం వేసిన పెట్టె. గుణింతంతో సహా వర్ణమాలను వరుసగా, రాగయుక్తంగా వల్లింపజేయడం పాతకాలపు చాదస్తమని కొందరంటారు. ఆ వల్లింపు తరువాతి జీవితమంతా కంటికి దారి చూపిస్తుంది. కొన్ని వారాల పని అది.

పెద్దలమైన మనకు కూడా ఒక పని ఉంది. పాత పద్యకావ్యాల అచ్చుప్రతులు కొన్నింటి చివర అకారాది పద్యసూచిక ఉంటుంది. ఎవరో పండితుడు పేరు కూడా వేసుకోకుండా, వేల పద్యాల మొదటి మాటలను చీటీల మీద రాసి వరుసపెట్టిన ఫలం. ఇవాళ తెలుగులో వస్తున్న ఆత్మకథలకూ, చరిత్రలకూ, వ్యాససంపుటాలకూ చాలావాటికి సూచికే ఉండదు. అయిదు వందల పుటల పుస్తకంలో ఒక ఊరి పేరు కోసం, ఒక మనిషి ప్రస్తావన కోసం మళ్లీ మొదటి నుంచి తిప్పవలసి వస్తుంది. రచయితకు తన పుస్తకం అమరంలాగా నోటికి వచ్చు కాబట్టి ఆ లోటు తెలియదు. ఆ పుస్తకం జ్ఞాపకంలో లేని పాఠకుడే మనకు ఇక మిగిలిన పాఠకుడు. కంప్యూటరు మాటలను వరుసపెట్టగలదు గానీ, ఏ మాట వెతకదగినదో ఎంచవలసింది పుస్తకాన్ని ప్రేమించి చదివిన మనిషే. పుస్తకం అచ్చుకు పంపేముందు ఓ పది పుటలు దానికోసం కేటాయించమని నా రచయిత మిత్రులను కోరుతున్నాను.